స్తుతి పాట రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు పేరట వందనాలు. నువ్వు పంపిన పాట అందింది. నాలుగు చరణాలూ పైకి పాడుకుంటూ చదివాను. ట్యూన్ చక్కగా కుదిరింది, పల్లవి ఇట్టే నోటికి వచ్చేస్తుంది. ఇక మొహమాటం లేకుండా ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకు. ఆశ్చర్యకరుడా, అద్వితీయుడా, అత్యున్నతుడా, ఆరాధ్యదైవమా... ఈ పిలుపులన్నీ తీసేస్తే పాటలో మిగిలేది "నిన్నే స్తుతింతును" అన్న ఒక్క మాటే. ఎందుకు స్తుతిస్తున్నావో ఎక్కడా లేదు.

పాటలో లేనిది ఉత్తరంలో ఉంది. అమ్మకు ఆపరేషన్ అయిందనీ, డబ్బు కట్టాల్సిన రోజు పొద్దున్నే మీ సంఘంలో ఒక పెద్దాయన వచ్చి నీ జేబులో కవరు పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయాడనీ, ఇంటికొచ్చిన రాత్రి అమ్మ పెరుగన్నం రెండు ముద్దలు తిన్నదనీ రాశావు. అది చదివి "స్తోత్రం ప్రభువా" అని నా నోటికి తెలియకుండానే వచ్చింది. పాట చదివినప్పుడు రాలేదు మరి.

బైబిల్లో స్తుతి ఎలా నడుస్తుందో ఒకసారి చూడు. ఐగుప్తు సైన్యం తరుముతుండగా ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం దాటగానే మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకుని పల్లవి ఎత్తుకుంది. "గుఱ్ఱమును దాని రౌతును సముద్రములో ఆయన పడద్రోసెను." ఎంత సూటిగా ఉందో చూశావా? కళ్లముందు జరిగిందే ఆ పాట. యేసు తల్లి మరియ పాడినప్పుడూ అంతే, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండింది, ధనవంతులు వట్టిచేతులతో వెళ్లారు అని చెప్పింది. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. అంత చిన్న పాటలోనూ మొదటి వచనం స్తుతించమంటుంది, రెండోది ఎందుకో చెబుతుంది.

వీటన్నిటికంటే నాకు 136వ కీర్తన ఇష్టం. 26 వచనాలు, 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును" అనే జవాబు. ఆకాశం, భూమి, సూర్యచంద్రులు, ఐగుప్తు, సముద్రం, అరణ్యం ఒక్కొక్కటీ వస్తాయి. అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు పేర్లతో సహా వస్తారు. (స్తుతి పాటలో ఈ రాజుల పేర్లెందుకండీ అని ఇవాళైతే మన కీబోర్డు తమ్ముళ్లు కొట్టేయించేవాళ్లు.) ఇన్ని పెద్దపెద్ద సంగతులు చెప్పి, చివరికొచ్చేసరికి సమస్త జీవులకూ ఆయన ఆహారం పెడుతున్నాడని అంటాడు. సముద్రాన్ని చీల్చడమూ అన్నం పెట్టడమూ ఒకే పాటలో, ఒకే జవాబు కింద ఉన్నాయి. మీ అమ్మ తిన్న రెండు ముద్దలకు అక్కడ చోటుంది.

ఆ కీర్తన కట్టిన తీరూ గమనించు. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. మన ఊళ్లలో డోలక్, కంజిర పెట్టుకుని పాడే పద్ధతీ ఇదే. అక్షరం రాని అమ్మమ్మ కూడా పుస్తకం లేకుండా పాట మొత్తం పాడేది ఇందువల్లే. నీ పాటలో జవాబు రెండు లైన్లు సాగింది, పైగా చివర గమకం. అది నీ గొంతుకి బాగుంటుంది, సంఘం అందుకోలేదు. జవాబు ఒక్క ఊపిరిలో అయిపోవాలి.

"అమ్మ ఆపరేషన్ సంగతి సంఘమంతా ఎలా పాడుతుందక్కా?" అంటావు. పాడక్కర్లేదు. 40వ కీర్తనలో దావీదు తనకేం జరిగిందో చెప్పడు. జబ్బా, అప్పా, శత్రువులా, మనకు తెలియదు. కానీ "జిగటగల దొంగ ఊబి" అన్నాడు, అందులోంచి పైకెత్తి తన పాదాలు బండమీద నిలిపాడన్నాడు. కాలికి అంటిన బురద మనకూ తెలుస్తుంది, ఊబి మాత్రం ఎవరిది వాళ్లదే. వివరం దాచుకో, అనుభవాన్ని దాచకు. ఆస్పత్రి పేరు వద్దు, బిల్లు వద్దు. కట్టాల్సిన రోజు తెల్లవారక ముందే తలుపు తట్టిన చెయ్యి చాలు. పిల్ల పెళ్లికి అప్పు చేసినవాడూ, ఫీజు కట్టలేని విద్యార్థీ ఆ చరణం తనదే అనుకుంటారు.

స్తుతికీ ఆరాధనకీ తేడా ఏమిటని అడిగావు. నిర్వచనాలు చాలామంది చెబుతారు, నాకు యోబు ఒక్కడు చాలు. పశువులు పోయాయి, పనివాళ్లు పోయారు, పిల్లలందరూ పోయారు. అప్పుడు లేచి పై వస్త్రం చింపుకుని, తల గొరిగించుకుని, నేలమీద సాష్టాంగపడ్డాడు. చేసిన మేళ్లు లెక్కపెట్టి పాడటం స్తుతి అయితే, లెక్కపెట్టడానికి ఏమీ కనబడని రోజున కూడా ఆయన ముందు వంగడం ఆరాధన. ఇందాకటి నుంచి కారణం రాయమని నీ వెంట పడుతున్నాను కదా, కారణం దొరకని రోజులూ ఉంటాయి. ఆ రోజుల్లో దొంగ కారణం అల్లకు.

నీ మూడో చరణంలో "కన్నీరే లేదు నాకు, కలతే రాదు నాకు" అన్నావు. అది కొట్టేయ్. ఆదివారం చాపమీద కూర్చున్నవాళ్లలో పంట పోయిన కౌలు రైతు ఉంటాడు, మొన్ననే భర్తను సమాధి చేసి వచ్చిన చెల్లి ఉంటుంది. వాళ్లచేత ఆ మాట పాడిస్తే దేవుని సన్నిధిలో అబద్ధం ఆడించినట్టే. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 88వ కీర్తన అయితే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, చివర ఒక్క స్తోత్రమూ లేదు. దాన్నీ కీర్తనల్లోనే ఉంచారు, తీసెయ్యలేదు. మన తెలుగు సంఘాలకూ ఈ అలవాటు పాతదే. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) "త్రాహిమాం క్రీస్తునాథ", అంటే నన్ను కాపాడు అని, మొరతోనే ఎత్తుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి. కొన్నాళ్లు అది దగ్గర పెట్టుకో. అంత సంస్కృతం ఇప్పుడు రాయమని కాదు, భయాన్నీ పాపాన్నీ అప్పగింతనీ ఎంత సూటిగా పలికారో వింటావని.

ఫిలిప్పీ చెరసాల సంగతి చెప్పకుండా ఉండలేను. దెబ్బలు తిని, కాళ్లకు కొయ్య బొండ వేసి ఉండగా పౌలు, సీల అర్ధరాత్రి కీర్తనలు పాడారు. "ఖయిదీలు వినుచుండిరి" అని రాశాడు లూకా. ఆ రాత్రి చెరసాల తలుపులు తెరిచిన భూకంపం గురించి అందరూ ప్రసంగాలు చేస్తారు, నన్ను ఆపేది మాత్రం ఈ చిన్న మాటే. ఆ ఖైదీలు సంఘం కాదు, ఆమేన్ అనలేదు, చప్పట్లు కొట్టలేదు. పక్క గదిలో ఏ బాధలో ఉన్నవాడు వింటాడో మనకు తెలియదు. అలాంటివాడు విన్నా నిలబడేలా ఉందా నీ పాట?

ఇంకొకటి. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో స్తుతియాగం గురించిన వచనం మనందరికీ కంఠస్థం. దాని పక్కనే ఉన్న వచనాన్ని ఎవరూ పాట కట్టరు, ఉపకారం, ధర్మం చెయ్యడం మరచిపోకండి, అలాంటి యాగాలు దేవునికిష్టం అని. కవరు తెచ్చిన పెద్దాయన అర్పించింది ఆ రెండో యాగం. బహుశా ఆయనకు శ్రుతి కూడా ఉండదు. ఆమోసు ప్రవక్త కాలంలో పాటలకు లోటు లేదు, స్వరమండలాలకు లోటు లేదు. ఆ ధ్వని నా దగ్గరనుంచి తీసెయ్యండి, న్యాయం నీళ్లలా పారనివ్వండి అన్నాడు దేవుడు. పాటలు రాసేవాళ్లం, మనం ఈ లేఖనాన్ని నెలకోసారైనా చదువుకోవాలి.

రికార్డింగ్‌కి తొందరపడుతున్నట్టున్నావు. స్టూడియోకి అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇంకా మంచిది. ముందు గృహ కూడికలో, మైకు, కీబోర్డు ఏదీ లేకుండా పాడించు. నువ్వు ఎత్తుకుని ఊరుకో. ఎక్కడ గొంతులు సన్నగిల్లాయో గుర్తుపెట్టుకో. అనుపల్లవి దగ్గరే అనుకుంటాను, ఆడవాళ్లకు ఆ శ్రుతి మరీ ఎత్తు. రెండు వారాల తర్వాత నువ్వు లేని కూడికలో ఎవరైనా తమంతట తాము ఆ పాట ఎత్తుకున్నారేమో కనుక్కో. ఎత్తుకుంటే అప్పుడు రికార్డింగ్ గురించి మాట్లాడుకుందాం. మీ ఊళ్లో తబలా వాయించే తమ్ముడి లెక్క నాకు నచ్చింది, ఆదితాళంలోనే ఉంచమను.

అమ్మను అడిగానని చెప్పు. మందులు మానేయనివ్వకు.

క్రీస్తులో,
నీ అక్క