ఛాంపియన్ కూతురు స్కేట్లు విప్పేస్తానంటోంది, ఇక ఏం చేయించాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 23. ఆరో ఏట నుంచీ ఫిగర్ స్కేటింగే, జాతీయ ఛాంపియన్. మోకాలికి రెండో ఆపరేషన్ అయ్యాక మానేస్తానంటోంది. టీవీ కామెంటరీ మేలా, కోచింగా? మా ఇన్నేళ్ల కష్టం ఏమైనట్టు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ బెంగంతా ఆ చివరి మాటలోనే ఉంది. 23కి మానేయడం ఈ ఆటలో వింతేమీ కాదు. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఫిగర్ స్కేటర్ యూనా కిమ్ కూడా 2014 సోచి ఒలింపిక్స్ తర్వాత ఈ వయసుకే తప్పుకున్నారు. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్‌లో 5 స్వర్ణాలు గెలిచిన ఎరిక్ హైడెన్ తర్వాత ఎముకల సర్జన్ అయ్యారు. మెడికల్ పట్టా చేతికొచ్చింది 1991లో. మీ అమ్మాయికి చాలా టైముంది.

కామెంటరీ మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. ఈ ఆటకి చానళ్లలో గిరాకీ ఎక్కువగా వింటర్ ఒలింపిక్స్ చుట్టూనే, అంటే నాలుగేళ్లకోసారి. మిగతా రోజులు ఎలా గడవాలి? పైగా అది వేరే విద్య. లట్జ్, ఫ్లిప్ అని చూడ్డానికి ఒకేలా ఉండే రెండు జంప్‌లున్నాయి. లట్జ్‌కి స్కేటు బ్లేడు బయటి అంచు మీద నుంచి ఎగురుతారు, ఫ్లిప్‌కి లోపలి అంచు మీద నుంచి. ఆ తేడా పట్టుకుని, తెలియని ప్రేక్షకుడికి రెండు క్షణాల్లో అర్థమయ్యేలా చెప్పాలి. ఇష్టముంటే పాత పోటీ వీడియో మ్యూట్‌లో పెట్టి, 4 నిమిషాల ఫ్రీ స్కేట్‌కి (పోటీలో రెండో, పెద్ద ప్రదర్శన) తన మాటలు రికార్డు చేసుకోమనండి. వింటే తనకే తెలిసిపోతుంది.

కోచింగ్ కొంచెం నిలకడైన దారి. అయితే గంటల తరబడి మంచు మీద నిలబడాలి, కాబట్టి ముందు సర్జన్‌ని అడగాలి. ఒప్పుకుంటే సీనియర్ కోచ్ దగ్గర సహాయకురాలిగా, చిన్నపిల్లలకి వారానికి రెండు క్లాసులతో మొదలుపెట్టమనండి. తనకి ఒంటబట్టిన జంప్‌ని విడగొట్టి చెప్పలేక తడబడే ఛాంపియన్లు ఉంటారు.

ఇక మీకో మాట, కటువుగానే. తెల్లవారకముందే రింక్‌కి తీసుకెళ్లింది మీరే, కాదనను. ఆ బాకీ ఆ పిల్ల మోకాలు తీర్చాలా? ‘మా కష్టం’ అన్న మాట ఆమె ముందు ఇంకోసారి అనకండి. స్కేటింగ్ లేకపోతే నేనెవరు అన్న ప్రశ్నతో తను ఇప్పటికే నలుగుతూ ఉంటుంది. కొన్ని నెలలు ఏదీ నిర్ణయించకపోయినా కొంప మునగదు. ఫిజియోథెరపీ మాత్రం ఆగకూడదు. తొడ కండరం బలహీనపడితే మోకాలి మీదే భారం పడుతుంది.

రిటైర్మెంట్ ప్రకటించేముందు స్పాన్సర్ ఒప్పందం తీసి చదవండి. పోటీ పడకపోతే డబ్బు తగ్గించే షరతు ఉందేమో, ఉంటే ఏ తేదీ నుంచి వర్తిస్తుందో లాయర్‌కి చూపించి, ఆ తర్వాతే ప్రకటన తేదీ పెట్టుకోండి.