ఒకే దారిలో పరుగు

ప్రశ్న: భీమునిపట్నంలో మా ఇంటికి దగ్గరలో గోస్తనీ నది ఒడ్డున నాలుగేళ్లుగా రోజూ తెల్లవారుజామున పరుగెత్తుతున్నాను. దారి మార్చమని మిత్రులు పోరుతున్నారు గానీ నాకు విసుగే పుట్టడం లేదు. ఇందులో తప్పేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం జిల్లా

జవాబు: తప్పేమీ లేదు, అసలు మీరు అనుకుంటున్నంతగా అది ఒకే దారి కూడా కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ మీ ఊరి దగ్గరే సముద్రంలో కలుస్తుంది కనుక, అక్కడి నీటిమట్టం ఆటుపోట్లతో మారుతుంది. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఈరోజు ఆరింటికి బురదలో ఒరిగి కనిపించిన పడవ, వారం తిరిగేసరికి అదే వేళకు నీటి మీద తేలుతూ ఉంటుంది. పైగా, దూరం మారదు కనుక, ఉక్కపోత రోజున ఎంత వెనుకబడ్డారో గడియారమే చెబుతుంది. మిత్రులు చూపే కొత్త దారులకు ఆ సౌకర్యం లేదు. ఒక్క జాగ్రత్త: రోడ్డు అంచు ఒకవైపుకు వాలి ఉంటే, ఎప్పుడూ ఒకే కాలి మీద భారం పడకుండా, రోజు విడిచి రోజు ఎదురు దిశలో పరుగెత్తండి.