చివరి రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లోనే

శిరీషా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ అల్లుడూ పిల్లలూ మీ అత్తగారూ వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్తున్నారని చెప్పాడు. ఆ గొంతులో ఉత్సాహం వింటే టికెట్లు కొన్నది తనేనేమో అనిపించింది. మన ఇంట్లో ఇన్నేళ్లకి ఒకరికి ఆ దీవులు పిల్లలకి చూపించాలన్న బుద్ధి పుట్టిందని నాకూ గర్వంగానే ఉంది. కానీ తేదీలు చెప్పాక నిద్ర పట్టలేదు. మే 24న వెళ్లి జూన్ 1న వస్తారట. చివరి రాత్రి హేవ్‌లాక్ దీవిలో ఉండి, మర్నాడు పొద్దున బోటెక్కి, మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్‌లో విమానం అందుకుంటారట! ఈ ప్లాన్ ఎవరు వేశారని నేను అడగను. మీ నాన్న కూతురివి కదా.

ముందు తేదీల సంగతి. వానలు జూన్‌లో కదా అనుకుంటారు హైదరాబాద్ వాళ్లు. రుతుపవనాలు కేరళ తాకడానికి పది రోజుల ముందే, మామూలుగా మే 20 ప్రాంతానికే అండమాన్ మీదికి వచ్చేస్తాయి. దానికి తోడు మే నెలంటే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. వానకి నేను భయపడను, తడిస్తే తుడుచుకుంటాం. గాలికి భయపడతాను. గాలి లేచిందంటే దీవుల మధ్య బోట్లు ఆపేస్తారు. ఆపాక నీ దగ్గర ఎంత డబ్బున్నా, అల్లుడు ఎంత పెద్ద ఆఫీసరైనా, ఉన్నచోటే ఉండాలి. పిల్లల బడికి ఏప్రిల్ చివర్లోనే సెలవులిస్తున్నారు. మే మొదటి వారంలో వెళ్లి, పదో తారీఖు లోపల వచ్చెయ్యండి. ఎండ ఉంటుంది, ఉక్కపోత ఉంటుంది. హైదరాబాద్ ఎండలో ఉన్నవాళ్లకి అదొక లెక్కా?

చిన్నప్పటి ఆ ప్రయాణం నీకు గుర్తుందని నాకు తెలుసు. నీకప్పుడు ఆరేళ్లు. గెస్ట్‌హౌస్ అరుగు మీద గవ్వలాట, వంటాయన పెట్టిన వేడి కిచిడీ, చూరు కింద నిలబడి వానలో తడవడం... నీ పెళ్లిలో కూడా ఇవే చెప్పుకుని నవ్వావు. మాకు జరిగింది వేరు. మీ నాన్న ఎప్పుడూ పూర్తిగా చెప్పి ఉండడు, నేను చెబుతా విను.

మీరు వైజాగ్ నుంచి ఓడలో పోర్ట్‌బ్లెయిర్‌లో మా ఇంటికి వచ్చారు, ఇలాగే మే చివర్లో. వైజాగ్ ఓడ అంటే అప్పట్లో నెలకొకటి. పోర్ట్‌బ్లెయిర్‌లో కొన్నాళ్లు ఆగి మళ్లీ వెనక్కి వెళ్తుంది. తిరుగు టికెట్లు కూడా ముందే కొనేశాడు, ముగ్గురికీ బంక్ క్లాసు. పారేసుకుంటాడని ఆ టికెట్లు నేనే తీసుకుని బీరువాలో పెట్టాను. ఊరు చూశారు, జైలు చూశారు, ఇంకా రోజులున్నాయి కదా అని హేవ్‌లాక్ బయల్దేరారు. మావయ్య హార్బర్‌లో పనిచేసేవాడు కాబట్టి ఒకే ఒక్క మాట చెప్పాడు. 'ఓడకి రెండు రోజుల ముందే వచ్చెయ్యి, ఈ నెలలో సముద్రాన్ని నమ్మొద్దు' అని. మీ నాన్న బుద్ధిగా తలూపాడు.

అక్కడికెళ్లి రాధానగర్ బీచ్ చూశాడు. దానికి ఇంకా పేరు రాని రోజులవి. టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది తర్వాతెప్పుడో, 2004లో. ఆ తెల్లటి ఇసక, వెనకాల ఆకాశాన్నంటే చెట్లు చూసి మనవాడికి మతి పోయింది. 'ఇంకొక్క రాత్రి ఉందాం, ఓడ ఎల్లుండి కదా, రేపు పొద్దున వెళ్లినా చాలు' అన్నాడట. మీ అమ్మ వద్దంది. ఆవిడకప్పుడు ఐదో నెల, కడుపులో మీ తమ్ముడు. ఆ రాత్రే గాలి మొదలైంది. పొద్దున జెట్టీకి వస్తే బోటు లేదు. మర్నాడూ లేదు.

ఇక్కడ హార్బర్‌లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. ఇప్పట్లా చేతిలో ఫోన్లున్నాయా? నేను రోజూ ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్లి అడగడం, వాళ్లు తల అడ్డంగా ఊపడం. అసలు మీరు బోటెక్కారో, ఎక్కి మధ్యలో ఉన్నారో, ఎక్కలేదో కూడా తెలియదు. పోలీసు వైర్‌లెస్‌లో 'అందరూ క్షేమం' అన్న ముక్క వచ్చేదాకా నేను అన్నం ముట్టలేదు. మావయ్య నన్ను ఊరుకోబెడుతూనే అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర నిలబడేవాడు. అక్కడ మీ అమ్మకి జ్వరం, వాంతులు. మీ నాన్న చేతిలో డబ్బులు అయిపోయాయి. ఆ కిచిడీ పెట్టిన వంటాయన ఉన్నాడే, బెంగాలీ ఆయన, ఆయన అప్పు పెట్టి తిండి పెట్టాడు. ఇల్లు చేరాక మీ నాన్న మనియార్డర్ పంపాడులే. నువ్వు పండగనుకున్న కిచిడీ అది.

వైజాగ్ ఓడ హడ్డో రేవు నుంచి టైముకి వెళ్లిపోయింది. పెద్ద ఓడకి ఆ గాలి లెక్క కాదు, చిన్న బోట్లకే. మీ టికెట్లు నా బీరువాలోనే ఉన్నాయి. చివరికి బోట్లు తిరిగాక మీరు దిగారు. మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని, నా మొహం చూడకుండా సంచులు లెక్కపెట్టుకుంటున్నాడు. తిడదామని నోరు తెరిచానో లేదో, నువ్వు 'అత్తా, మళ్లీ ఎప్పుడెళ్దాం?' అన్నావు. ఇంక ఏం తిడతాను! మద్రాసు ఓడలో బంకులు దొరికేదాకా మా ఇంట్లోనే ఉన్నారు. అక్కణ్నుంచి రైలు. సెలవు దాటిపోయినందుకు ట్రెజరీ ఆఫీసులో మెమో. మీ అమ్మ పురిటి దాకా మా అమ్మ నన్నూ మీ నాన్ననూ కలిపి తిడుతూనే ఉంది.

ఇప్పుడు విమానాలున్నాయి, తప్పితే ఇంకోటి ఎక్కుతామంటావు. సెలవుల రద్దీలో అయిదుగురికి అప్పటికప్పుడు టికెట్లు ఎంతవుతాయో చూశావా? అందుకని వరస మార్చు. దిగిన రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో పడుకుని, మర్నాడే హేవ్‌లాక్ వెళ్లిపోండి. అక్కణ్నుంచి నీల్ దీవి. చివరి రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. జైలూ, రాస్ ఐలాండూ, చాతం రంపపు మిల్లూ అప్పుడు చూసుకోవచ్చు, అవెక్కడికీ పోవు. టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడకండి. 2018లో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ మార్చారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. నా నోటికి పాత పేర్లే వస్తాయి.

బోటు విషయం. ప్రైవేటు బోట్లు ఏసీవి, గంటన్నరలో చేరుస్తాయి, కానీ అద్దాలు మూసిన గదిలో కూర్చోవాలి. అల పెరిగిందంటే అందరూ కవర్లు పట్టుకుంటారు. ప్రభుత్వ బోటు ఇంకాస్త ఆలస్యమైనా పైన డెక్కు మీద గాలికి నిలబడొచ్చు. కడుపులో తిప్పే రకమైతే అదే నయం. ఏదైనా పొద్దుటి బోటే ఎక్కండి. ఖాళీ కడుపుతో వద్దు, పూరీలతో అసలొద్దు, రెండిడ్లీలు చాలు. వాంతుల మాత్ర బోటు కదలక ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే మాత్ర కూడా బయటికొస్తుంది. మధ్య వరసల్లో కూర్చోబెట్టు. చిన్నదానికి ఫోన్ ఇవ్వకు, దూరంగా దీవుల్ని చూడమను. మీ అత్తగారికి మోకాలి నొప్పి కదా. బోటు అటూ ఇటూ ఊగుతుంటే మెట్టు దిగడం ఆవిడ వల్ల కాదు. ఒకరు ముందు, ఒకరు వెనక పట్టుకోండి, ఆవిడ వద్దన్నా సరే. ఎలిఫెంట్ బీచ్‌కి ఆవిణ్ని తీసుకెళ్లకండి, అక్కడ చిన్న పడవలోంచి నీళ్లలోకి దిగాలి. ఆ పూట అల్లుడు పిల్లల్ని తీసుకెళ్తాడు, నువ్వు ఆవిడతో ఉండు. మొహం ముడుచుకోకు, మర్నాడు నువ్వు వెళ్దువుగాని.

ఇంక సముద్రం. నేను అన్నేళ్లు అక్కడుండి కూడా మోకాలు దాటి నీళ్లలోకి దిగలేదని మీరంతా నవ్వుతారు. నవ్వండి. లైఫ్‌గార్డు ఉన్నచోటే దిగాలి, ఎర్రజెండా ఉంటే పాదం కూడా తడపకూడదు. మొసళ్ల బోర్డు కనపడితే అది అలంకారానికి పెట్టింది కాదు. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న చిన్న ఒంపులో ఒక అమెరికన్ అమ్మాయి మొసలి దాడిలో చనిపోయింది. రాధానగర్‌లో అందరూ స్నానం చేసేచోటే ఉండండి, ఎవరూ లేని మూల బాగుందని ఫొటోల కోసం వెళ్లకండి. అక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, తెల్లారేదీ అయిదింటికే. అయిదయ్యేసరికి పిల్లలు గట్టు మీద ఉండాలి. నీల్‌లో తనంతట తానే ఏర్పడిన రాతి వంతెన చూడాలంటే నీళ్లు తగ్గిన వేళ అడిగి వెళ్లండి. ఆ రాళ్లు పాచి పట్టి ఉంటాయి, చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కొను.

ఇంకొకటి. 2004 డిసెంబరు 26న పొద్దున్నే నేల ఊగినప్పుడు నేను పోర్ట్‌బ్లెయిర్‌లో వంటింట్లో ఉన్నాను. ఆ రోజు గురించి రాయను. నేల ఆగకుండా ఊగినా, సముద్రం ఒక్కసారి వెనక్కి తగ్గినా సామాను వదిలి గుట్ట మీదికి నడవండి. వీడియో తీద్దామని నిలబడొద్దు. పిల్లలకి కూడా చెప్పి తీసుకెళ్లు. భయపెట్టకుండా ఎలా చెప్పాలో నీకే తెలుసు.

బారటాంగ్ సున్నపురాయి గుహలకి తీసుకెళ్తామని ట్యాక్సీ వాళ్లు వెంటపడతారు. ఒద్దు. తెల్లవారుజామున మూడింటికి లేవాలి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర క్యూలో పడుండాలి. అది కూడా కాదు నా బాధ. ఆ దారి జారవాలనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. వాళ్లని ఫొటో తియ్యకూడదు, బండి ఆపకూడదు అని చట్టముంది. అయినా సగం మంది వెళ్లేది కిటికీలోంచి వాళ్లు కనపడతారేమోనన్న ఆశతోనే. మనిషిని చూడ్డానికి టికెట్టు కొనుక్కుని వెళ్లడం నీ పిల్లలకి నేర్పకు.

దానికి బదులు సెల్యులార్ జైలుకి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వు. 1906లో కట్టడం అయ్యేసరికి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోంచి ఇంకో గది కనపడకుండా ఎలా కట్టారో అబ్బాయికి చూపించు. మన మన్యం వాళ్ల గురించి అక్కడి గైడ్లు పెద్దగా చెప్పరు, నువ్వే చెప్పాలి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్ పంపారు. తిరిగొచ్చి స్వతంత్రం వచ్చాక మొదటి లోక్‌సభలో కూర్చున్నాడాయన. బడిలో నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు 'ఏ గదిలో ఉన్నాడు టీచర్?' అనడిగేవాళ్లు. మీవాడూ అదే అడుగుతాడు చూడు.

భాషకి ఇబ్బంది లేదు, హిందీ అందరికీ వచ్చు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన శ్రీకాకుళం యాస వినపడుతుంది. చేపలు అక్కడే కొనుక్కునేవాళ్లం. వంజరం దొరికితే హోటల్లో వేపుడు చేయించుకోండి. హేవ్‌లాక్‌లో నగదు దగ్గరుంచుకో, ఏటీఎంను నమ్ముకోవద్దు. గవ్వలు, పగడపు ముక్కలు పిల్లలు జేబుల్లో వేసుకుంటారు. విమానాశ్రయంలో స్కానింగ్‌లో పట్టుకుంటారు, చాలావాటిని తీసుకెళ్లడం నేరం కూడా. బయల్దేరే ముందు రోజు రాత్రే జేబులన్నీ దులుపు. చిన్నది ఏడిస్తే సర్కారీ దుకాణం సాగరికలో ఏదైనా కొనిపెట్టి బిల్లు దాచు.

రోజుకి నాలుగు చోట్లని అల్లుడు కాగితం రాసి ఉంటాడు. ఒకటి చాలని నా మాటగా చెప్పు. మధ్యాహ్నం పూట పిల్లల్ని పడుకోబెట్టి నువ్వు కూడా కాస్త నడుం వాల్చు. ఆఫీసు పని అక్కడికి మొయ్యకు. మొన్న వీడియో కాల్‌లో చూశాను, కళ్ల కింద నల్లగా అయిపోయింది. ఇల్లూ ఉద్యోగమూ అత్తగారి మందులూ అన్నీ ఒక్కదానివే చూసుకుంటావని మీ అమ్మ బాధపడుతోంది. అందుకే వెళ్లమంటున్నాను, లేకపోతే ఈ వయసులో మీ నాన్ననూ నిన్నూ ఒకేసారి సముద్రం మీదికి పంపించే ధైర్యం నాకెక్కడిది? అన్నట్టు, మీ నాన్న కూడా వస్తానంటున్నాడు, నీకు ఇంకా చెప్పలేదేమో. వస్తే రానీ. టికెట్లు మాత్రం వాడి చేతికి ఇవ్వకు.

తేదీలు మార్చాక ఫోన్ చెయ్యి. మార్చకపోతే చెయ్యకు, నేను ఎత్తను.

మీ పెద్దత్త