మేనల్లుడికి: ఆ స్పీకర్లకి యాంప్ (యాంప్లిఫయర్) కొనే ముందు

చిన్నా,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒకటే టెన్షన్. శ్రీకాకుళంలో కొత్త ఇల్లు, హాల్లో నిలువెత్తు స్పీకర్లు, ఇప్పుడేమో "మావయ్యా, 150 వాట్ల యాంప్ ఆఫర్లో ఉంది, తీసేసుకోనా?" అంటున్నావు. తీసుకోకు. కనీసం ఈ ఉత్తరం చదివేదాకా ఆగు.

ముందు నీ స్పీకర్ల కాగితం మళ్లీ చూడు. 4 ఓమ్‌లు (ఇంపీడెన్స్, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు, అది తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది), 85 డెసిబెల్స్ (స్పీకర్ ఇచ్చే సౌండు కొలత) అన్నావు కదా, ఆ 85 పక్కన 1 వాట్ అని ఉందా, 2.83 వోల్టులు అని ఉందా? 2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 1 వాట్, 4 ఓమ్‌ల దానికైతే 2 వాట్లు. అలా రాసి ఉంటే వాట్‌కి నీకు దక్కేది 82 మాత్రమే. 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పదింతలు. నువ్వు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటావు, దూరానికి కొంత పోతుంది, రెండు స్పీకర్లూ గోడలూ కలిసి కొంత తిరిగిస్తాయి, అంతా కూడి తీసేస్తే మృదంగం గట్టి దెబ్బ 100 డెసిబెల్స్‌తో వినపడాలంటే ఒక్కో స్పీకర్‌కి సుమారు 125 వాట్లు కావాలి. అయితే అవి 4 ఓమ్‌ల దగ్గర కావలసిన వాట్లు, డబ్బా మీద పెద్దక్షరాలతో వేసేది 8 ఓమ్‌ల లెక్క. అందుకే 8 దగ్గర 80, 4 దగ్గర 160 ఇచ్చే యాంప్ నీకు సరిపోతుంది, 8 దగ్గర 150 ఇచ్చి 4 దగ్గర నీరసపడేది సరిపోదు.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. 4 ఓమ్‌లు అనేది పేరుకే. కింది స్వరాల దగ్గర చాలా స్పీకర్లు 3 ఓమ్‌లకి, కొన్ని ఇంకా కిందికి దిగిపోతాయి, అక్కడే ఫేజ్ కూడా పక్కకి జరిగిందంటే, అంటే వోల్టేజీ కరెంటూ ఒకేసారి పెరిగి తగ్గడం మానేస్తే, యాంప్ నడుం విరుగుతుంది. 8 ఓమ్‌ల దగ్గర 100 వాట్లంటే సుమారు 28 వోల్టులు, మూడున్నర ఆంపియర్లు. అదే వోల్టేజి 3 ఓమ్‌ల మీద పడితే తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటు రావాలంటే లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు, సరిపడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఉండాలి. యాంప్‌ని చేత్తో ఎత్తి చూడమనేది అందుకే. నీ స్పీకర్ల ఇంపీడెన్స్ గ్రాఫ్ సంపాదించు, స్టీరియోఫైల్ పత్రిక వాళ్లు ఇలాంటివి కొలిచి వేస్తుంటారు.

నేనిది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి బరువు స్పీకర్లకే ఒక చిన్న యాంప్ తగిలించాను. సౌండు పెంచేసరికి వయొలిన్ గరగరమంది, కేసెట్ తప్పనుకుని ఇంకా పెంచాను. అది క్లిప్పింగ్, అంటే యాంప్ తన శక్తికి మించి పోయి ధ్వని అలల కొసలు తెగిపోవడం. ఆ సాయంత్రమే ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) మాడిపోయింది, రెండ్రోజులకి యాంపూ పోయింది.

ఉదాహరణకి జపాన్ కంపెనీ లక్స్‌మన్ వాళ్ల యాంప్ ఎల్-509ఎక్స్ చూడు, 8 ఓమ్‌లకి 120 వాట్లు, 4కి 220. ఇలాంటిది నీకు పనికొస్తుంది. అదే కంపెనీ ఎల్-550ఏఎక్స్ 2 క్లాస్ ఏ (లోపలి ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉండే రకం), ధ్వని ఎంతో కమ్మగా ఉంటుంది, 8 ఓమ్‌లకి 20 వాట్లు, 4కి 40, సరిగ్గా రెట్టింపవుతుంది కూడా, అయినా నీ స్పీకర్లకి 40 వాట్లు చాలవు. పైగా క్లాస్ ఏ పాట లేకపోయినా కాలుతూనే ఉంటుంది, మే నెలలో మన ఊళ్లలో అది ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? ఏది కొన్నా చుట్టూ గాలి ఆడనివ్వు, అద్దాల అలమరాలో మూసెయ్యకు.

జపాన్ నుంచి ఎవరో చవగ్గా తెస్తారని ఆశపడకు. అక్కడ అమ్మేది 100 వోల్టులది, మన 230కి పెడితే అయిపోయినట్టే. ఇక్కడ సర్వీసు ఉన్నదే తీసుకో. తిత్లీ తుఫాను అప్పుడు మీ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేకపోవడం మర్చిపోలేదు కదా, కరెంటు పోగానే ప్లగ్గు పీకేసే అలవాటు చేసుకో, ఎర్తింగ్ ఒకసారి మీటర్ పెట్టి చూపించు. స్టెబిలైజర్ పెడితే మటుకు చిన్నది పెట్టకు, అది యాంప్ గొంతు నొక్కేస్తుంది.

వినడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు వాళ్ల స్పీకర్ల మీద విని మురిసిపోవద్దు. నీ మోడల్ వాళ్ల దగ్గర లేకపోతే రెండ్రోజులు యాంప్ ఇంటికిమ్మని అడుగు, అంత డబ్బు పెడుతున్నప్పుడు మొహమాటం ఎందుకు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ నాకు ప్రాణం, 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో పుట్టినవాణ్ని కదా, కానీ యాంప్ పరీక్షకి ఆ పాత రికార్డులు వద్దు, వాటిలో కింది స్వరాలు సరిగ్గా పడలేదు. కొత్తగా శుభ్రంగా రికార్డు చేసిన నాదస్వరం, డోలు పట్టుకెళ్లు. నువ్వు రోజూ వినే సౌండు కంటే కొంచెం పెంచి పది నిమిషాలు విను. డోలు దెబ్బ పడినప్పుడల్లా నాదస్వరం వెనక్కి తగ్గుతోందంటే ఆ యాంప్‌కి చేతకావట్లేదని అర్థం, ఎవరెంత పొగిడినా వదిలెయ్.

గ్రాఫ్ దొరగ్గానే ఫోటో తీసి పంపు, 4 ఓమ్‌ల వాట్లు ఎంతో ఆ షాపువాణ్ని అడిగి అదీ రాయి. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.

మీ మావయ్య