రాయని టెస్టుకు సున్నా వేయాలా?

ప్రశ్న: పిల్లల మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించి సగటు తీస్తుంటాను. నాలుగు టెస్టుల్లో కొందరు ఒకటో రెండో రాయరు. అన్నీ కూడి నాలుగుతో భాగిస్తే వాళ్ల సగటు దారుణంగా పడిపోతోంది, యావరేజ్ ఫార్ములా పెడితే ఇంకో అంకె వస్తోంది. ఏది సరైనది? ఒకరిద్దరికి డివ్/0 అని ఎర్రర్ కూడా వస్తోంది.

జవాబు: ఎక్సెల్ సరిగ్గానే లెక్కేస్తోందండీ, రాయని టెస్టును ఏం చేయాలో మాత్రం మీరే తేల్చుకోవాలి. ఒకమ్మాయికి 80, 70, 90 వచ్చాయి, నాలుగో గడి ఖాళీ అనుకోండి. యావరేజ్ ఆ ఖాళీని పట్టించుకోదు, 240ని 3తో భాగించి 80 ఇస్తుంది. మీరు నాలుగుతో భాగిస్తే 60. ఒంట్లో బాగోక రాలేకపోయిన పిల్లకు 60 వేయడం అన్యాయమనే నేనంటాను. కావాలని ఎగ్గొట్టిన వాళ్లకు సున్నా వేయాలనుకుంటే ఆ సంగతి టెస్టుకు ముందే చెప్పి ఉండాలి.

అందుకే గడిని ఖాళీగా వదలకండి. రాసి సున్నా తెచ్చుకుంటే 0 వేయండి, రాకపోతే 'ఆబ్సెంట్' అని రాయండి. లేకపోతే ఆ అమ్మాయి రాలేదో, మీరే మార్కు ఎక్కించడం మర్చిపోయారో నెల తిరిగేసరికి మీకే గుర్తుండదు. యావరేజ్ అక్షరాలను కూడా వదిలేస్తుంది. దాని పక్కనే కనిపించే యావరేజ్‌ఏ మాత్రం వాటిని సున్నా కింద లెక్కేస్తుంది, దాని జోలికి వెళ్లకండి.

అసలు తంటా అంతా కంటికి కనిపించని తప్పులతోనే. మార్కుల్ని ఇంకో షీటు నుంచి లింకు చేసి తెచ్చుకుంటే, అక్కడ ఖాళీగా ఉన్న గడి ఇక్కడ 0 అయి కూర్చుంటుంది, యావరేజ్ దాన్ని నిజం మార్కనే అనుకుంటుంది. దీనికి ఉల్టా ఇంకోటుంది: వేరే ఫైల్ నుంచి కాపీ చేసిన మార్కులు ఒక్కోసారి అంకెల్లా కనిపిస్తూనే టెక్స్ట్‌గా ఉండిపోతాయి, గడిలో ఎడమ అంచుకు అతుక్కుని ఉంటాయి, అవి సగటులోకి రానే రావు, ఎర్రర్ కూడా రాదు. సగటు పక్కన ఇంకో కాలమ్‌లో కౌంట్ ఫార్ములా పెట్టండి. అది అంకెలున్న గడుల్నే లెక్కపెడుతుంది కాబట్టి, నాలుగూ రాసిన వాడి ఎదురుగా 3 కనిపిస్తే ఆ వరుసలో ఏదో తేడా ఉందన్నమాట.

డివ్/0 అంటే ఆ పిల్లల వరుసలో అంకెగా ఉన్న మార్కు ఒక్కటీ లేదని అర్థం. ఎర్రర్ బదులు మనం చెప్పింది చూపించే ఇఫ్‌ఎర్రర్ ఫార్ములాతో సరిపోతుంది, కాకపోతే ఎర్రర్ స్థానంలో 0 రాకుండా 'మార్కులు లేవు' అని వచ్చేలా పెట్టండి.

టెస్టులకు వెయిటేజీ ఉంటే మాత్రం యావరేజ్ పనికిరాదు. 20, 30, 50 వెయిటేజీల్లో ఒకబ్బాయికి 80, ఆబ్సెంట్, 60 వచ్చాయంటే, ఒక్కో మార్కును దాని వెయిటేజీతో గుణించి అన్నీ కూడే సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా 4600 ఇస్తుంది. దాన్ని 100తో భాగిస్తే 46, రాసిన టెస్టుల వెయిటేజీ 70తో భాగిస్తే దాదాపు 65.7. ఆ 70ని చేత్తో కూడక్కర్లేదు, మార్కు సున్నా లేదా అంతకన్నా ఎక్కువున్న చోట్ల వెయిటేజీ కూడమని సమ్‌ఇఫ్‌కి చెప్తే చాలు.

ర్యాంకులు ఇచ్చేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. ఒకే ఒక్క టెస్టు రాసి 95 తెచ్చుకున్న వాళ్లు ఈ లెక్కన క్లాస్ ఫస్ట్ అయిపోతారు. కౌంట్ 3 కన్నా తక్కువున్న వాళ్లకు మళ్లీ టెస్టు పెట్టాకే సగటు వేయండి.