గేమ్ ప్రోగ్రామింగ్‌లోకి వస్తానంటున్న మా మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ వదిలేసి గేమ్‌ల వైపు వెళ్తానంటే అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదన్నావు. అక్కతో నేను మాట్లాడతాను, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు. ఆఫర్ మాత్రం ఇప్పుడే వదలకు. జాయినింగ్‌కి ఇంకా టైముంది కదా, ఈలోపు నువ్వు చేయాల్సిన పని ఒకటి ఉంది, చిన్న గేమ్ ఒకటి మొదలుపెట్టి పూర్తిచేయడం, అది చేశాక కూడా ఇదే మాట మీదుంటే అప్పుడు చూద్దాం.

ముందు నీ ప్లాన్ సంగతి. విశాఖ మొత్తాన్ని ఓపెన్ వరల్డ్‌గా, అంటే ఆటగాడు ఎటైనా తిరిగేలా కడతానన్నావు. బీచ్ రోడ్డు, కైలాసగిరి రోప్‌వే, పోర్టు, తుఫాన్లు, వంద మిషన్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కానీ అది నువ్వు పూర్తి చేయలేవు. కోపం తెచ్చుకోకు, నేనూ చేయలేదు. నా హార్డ్ డిస్క్‌లో అలాంటివి ఏడు సగంలో ఆగిపోయినవి ఉన్నాయి, ఒక్కదాన్ని చూసి కూడా నాకెవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఇచ్చింది ఒక చేపల వల గేమ్ చూసి. ఫిషింగ్ హార్బర్, ఒక బోటు, వేలు పెట్టి లాగి వదిలితే వల పడుతుంది, చేప పడితే పాయింట్లు, పీత పడితే వల చిరుగుతుంది. మెనూ, సౌండ్ ఆపే బటన్, స్కోరు, మధ్యలో ఫోన్ వస్తే ఆట ఆగడం, ఇవన్నీ పనిచేసేవి. అంతకుమించి అందులో ఏమీ లేదు. అయినా ఇంటర్వ్యూలో పావుగంట దాని గురించే అడిగారు.

ఏం అడిగారంటే, పాత ఫోన్‌లో ఎలా నడుస్తోందని. అక్కడే నా దగ్గర చెప్పడానికి సరుకుంది. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు కావాలంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.6 మిల్లీసెకన్లే ఉంటాయి, ఆటగాడి వేలు ఎక్కడుందో చూడటం, ఫిజిక్స్, చేపల కదలిక, బొమ్మ గీయడం అన్నీ ఆలోపు అయిపోవాలి. నా లాప్‌టాప్‌లో హాయిగా నడిచేది. ఫోన్‌లో మాత్రం ఐదారుసార్లు వల వేశాక ఒక్కసారి గుక్కపట్టినట్టు ఆగి, మళ్ళీ కదిలేది. గ్రాఫిక్స్ బరువేమో అనుకుని నీళ్ళ మెరుపు గీసే కోడ్ (షేడర్) తీసేశాను, చేపలు తగ్గించాను, వారం రోజులు అలా గుడ్డిగా తడుముకున్నాను. చివరికి ఏ పనికి ఎంత టైము పడుతోందో చూపించే ప్రొఫైలర్ తెరిచి చూస్తే అసలు దొంగ గార్బేజ్ కలెక్టర్, అంటే వాడి పారేసిన మెమరీని ఊడ్చేది. వల వేసినప్పుడల్లా కొత్త ఆబ్జెక్టులు పుట్టించి, పనయ్యాక పారేస్తున్నాను, ఆ చెత్త పేరుకున్నాక దాన్ని ఊడ్చేదాకా గేమ్ నిలబడిపోతోంది. మందు సులువే. మొదట్లోనే 20 వలలు తయారుచేసి పక్కన పెట్టుకోవడం, వాడింది దాచి మళ్ళీ దాన్నే తీయడం. ఆబ్జెక్ట్ పూలింగ్ అంటారు. హార్బర్‌లో వాళ్ళు చేసేదీ అదేగా, వేటకో కొత్త వల కొనరు, ఉన్నదాన్ని ఆరబెట్టి, చిరిగిన చోట అల్లుకుని మళ్ళీ పట్టుకెళ్తారు.

అందుకే, నీ గేమ్ ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, అది ఎక్కడ తడబడిందో, ఎందుకో, నువ్వేం చేశావో ఐదు నిమిషాలు చెప్పగలగాలి. ఫ్రెషర్ దగ్గర చూసేది ఎక్కువగా అదే.

లెక్కలు వదిలేశానన్నావు, మళ్ళీ పట్టుకో. భయపడేంత లేదు. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడు. నీ చూపు ఒక వెక్టర్, అంటే ఒక దిక్కు చూపే బాణం అనుకో, ఎదురుగా లంగరేసిన ఓడ ఉన్న దిక్కు ఇంకో వెక్టర్. రెండింటి డాట్ ప్రాడక్ట్, అంటే అవి ఎంత ఒకే వైపున్నాయో చెప్పే గుణకారం, పాజిటివ్ వస్తుంది, అంటే ఓడ నీ ముందుంది. వెనక రోడ్డు మీది ఐస్‌క్రీమ్ బండికి నెగెటివ్. మరి కుడిపక్క డాల్ఫిన్స్ నోస్, ఎడమపక్క కైలాసగిరి? రెండూ నీకు పక్కవాటుగానే ఉన్నాయి కాబట్టి రెండింటికీ సున్నాకి దగ్గర్లోనే వస్తుంది, ఏది ఎటుందో డాట్ చెప్పదు. దానికి క్రాస్ ప్రాడక్ట్ అనే ఇంకో గుణకారం చేసి, ప్లస్ వచ్చిందా మైనస్ వచ్చిందా చూడాలి. శత్రువు నీ వెనక నుంచి వస్తున్నాడా, ఎడమకి తిరగాలా కుడికా, ఇలాంటివన్నీ ఈ రెండింటి మీదే నడుస్తాయి. ఇంటర్వ్యూలో నన్ను కాగితం మీద ఇదే రాయమన్నారు.

గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్, అదే ఇంజిన్, ఏది తీసుకోవాలా అని మాత్రం నెలలు ఆలోచించకు. యూనిటీ అయితే సీ షార్ప్ భాష, అన్‌రియల్ అయితే సీ ప్లస్ ప్లస్ భాష, గోడో ఉచితం, ఓపెన్ సోర్స్. ఒకటి పట్టుకో. కానీ ఇంజినే లోకమనుకోకు. 2023 సెప్టెంబరులో యూనిటీ వాళ్ళు ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు తీసుకుంటామని ప్రకటిస్తే పెద్ద గొడవైంది, ఏడాది తర్వాత దాన్ని రద్దు చేశారు. ఇంజిన్ మారినా డాట్ ప్రాడక్ట్ మారదు, మెమరీ ఎలా పనిచేస్తుందో మారదు. సీ ప్లస్ ప్లస్ కొంచెమైనా నేర్చుకో.

కోర్సుల సంగతి అడిగావు. ద్వారకానగర్‌లో ఒకచోట నేనూ డబ్బు కట్టాను. ఆరు నెలలు బటన్లు ఎక్కడున్నాయో చూపించి సర్టిఫికెట్ ఇచ్చారు, దాన్ని ఇప్పటిదాకా ఎవరూ చూపించమనలేదు.

కోడ్ మాత్రం మొదటి రోజు నుంచే గిట్‌లో (మార్పులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టు, రోజూ ఆన్‌లైన్‌కి పంపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి, వాన లోపలికి కొట్టి, టేబుల్ మీది లాప్‌టాప్ తడిసిపోయింది. దాంతోపాటే ఎనిమిది నెలల కోడ్. అమ్మమ్మ బియ్యం డబ్బా కాపాడుకుంది, నేను కోడ్ కాపాడుకోలేకపోయాను, ఆ మాట ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఉద్యోగాలు మన ఊళ్ళో తక్కువే, హైదరాబాద్, బెంగళూరు, పుణె చూసుకోవాలి. మొదట్లో నీతో కథలు, పాత్రలు రాయించరు. అరబిక్‌లో పెడితే మెనూ తిరగబడుతోంది, ఫలానా ఫోన్‌లో సౌండ్ రెండుసార్లు వస్తోంది, ఇలాంటి బగ్‌లు ఇస్తారు. ఎవరో రాసిన కోడ్ చదవడమే సగం పని. ఇప్పటినుంచే అలవాటు చేసుకో. డూమ్ అనే గేమ్ 1993లో వస్తే దాని సోర్స్ కోడ్ 1997లో బయటపెట్టారు, అందులో ఒక్క ఫైలు తీసుకుని వారం కూర్చో. రిలీజ్ ముందు రాత్రుళ్ళు పనిచేయిస్తారా అని ఇంటర్వ్యూలో నువ్వే అడుగు, తప్పేం లేదు.

ఇంకొకటి. గేమ్ సగం అయ్యాక ఎవరికైనా ఇచ్చి, నోరు మూసుకుని చూడు. నేను బీచ్‌లో ముంతమసాలా బండి దగ్గర ఉండే పిల్లాడికి ఇచ్చాను. వాడు వల లాగాలని తెలియక చేపల్నే నొక్కుతూ కూర్చున్నాడు, "ఇది పని చేయట్లేదన్నా" అని ఇచ్చేశాడు. అలా కాదు ఇలా అని చెప్పబోయి ఆగాను. ఇంటికొచ్చి మొదటి స్క్రీన్‌లో వలని లాగే వేలి బొమ్మ పెట్టాను. మళ్ళీ వారం ఇస్తే వాడు ఫోన్ తిరిగి ఇవ్వలేదు, వాళ్ళ నాన్న లాక్కోవాల్సి వచ్చింది.

ఆదివారం ఇంటికి రా. రెండు జీబీ ర్యామ్ పాత ఫోన్ ఒకటి బీరువాలో ఉంది, అద్దం పగిలింది కానీ టచ్ పనిచేస్తుంది, టెస్టింగ్‌కి పట్టుకెళ్ళు. చార్జర్ కనబడటం లేదు, అత్తయ్యని అడిగి వెతికి పెడతాను.

మావయ్య