పై డివిజన్‌కు ఎక్కిన తొలి వేసవి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ క్లబ్ ప్రీమియర్ లీగ్‌కు చేరిందని, నిన్ను ఆటగాళ్ల కొనుగోళ్ల విభాగంలోకి తీసుకున్నారని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇంగ్లండ్‌లో ఇరవై రెండేళ్లు ఫుట్‌బాల్ క్లబ్బుల ఖాతాలు చూసినవాణ్ని. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సంతోషం సగం, నువ్వు అడుగుపెడుతున్న బజారు ఎలాంటిదో తెలిసిన కలవరం సగం. అందుకే ఈ ఉత్తరం.

చేతిలో కొత్తగా డబ్బు పడిందని ఊరంతా తెలిసినవాడికి సంతలో ఎద్దు చవకగా దొరకదు. మీరు కింది డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో ఉండగా ఏప్రిల్‌లో ఆరా తీసిన ఆటగాడికే జూన్‌లో వేరే ధర చెబుతారు. అతని ఆట మారలేదు, మీ టీవీ ఆదాయం మారింది. ఆ సంగతి ప్రతి ఏజెంటుకూ తెలుసు. మంచి ఆటగాళ్లు మిమ్మల్ని ఆగస్టు దాకా నిలబెడతారు కూడా. పెద్ద క్లబ్బుల నుంచి పిలుపు రాదని తేలాకే మీకు అవునంటారు. కోపం తెచ్చుకోకు. ప్రతి స్థానానికీ మూడు పేర్లు రాసుకో, మూడో అతని ఆటను కూడా మొదటి అతనిదంత శ్రద్ధగా చూడు. చివరికి మీ చొక్కా వేసుకునేది చాలాసార్లు అతనే.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథను మాత్రం కూర్చుని చదువు. 23 ఏళ్ల తర్వాత, 2022 మే 29న ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి పైకి వచ్చారు. అప్పటికి వాళ్ల జట్టులో ముఖ్యులైన స్పెన్స్, గార్నర్, కీనన్ డేవిస్ లోన్ మీద వచ్చినవాళ్లు. వాళ్లు సొంత క్లబ్బులకు వెళ్లిపోయారు. గోల్‌కీపర్ సాంబా కూడా ఫ్రాన్స్ వెళ్లాడు. ఆ వేసవిలోనే 20 మందికి పైగా ఆటగాళ్లను తెచ్చుకున్నారు. లోకమంతా నవ్వింది గానీ, నేను నవ్వలేదు. గోడలే లేని ఇంటికి సున్నం కొట్టలేం కదా. 38 పాయింట్లతో 16వ స్థానంలో నిలిచి బతికారు.

బిల్లు తర్వాత వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం మూడేళ్లలో ఒక క్లబ్ 10.5 కోట్ల పౌండ్ల దాకా నష్టం చూపవచ్చు. కానీ ఛాంపియన్‌షిప్‌లో గడిపిన ప్రతి ఏడాదికీ 3.5 కోట్లకు బదులు 1.3 కోట్లే లెక్క. రెండేళ్లు కింద గడిపిన ఫారెస్ట్‌కు పరిమితి 6.1 కోట్లే అయింది. దాన్ని 3.45 కోట్లు దాటారు. సొంత అకాడమీలో పెరిగిన బ్రెనన్ జాన్సన్‌ను అమ్మితే వచ్చేదంతా లాభమే, కానీ ఖాతాలు జూన్ 30న మూస్తారు. మంచి ధర కోసం ఆగి సెప్టెంబరు 1న టాటెన్‌హామ్‌కు అమ్మారు. ఆగడం వల్ల ఎక్కువే వచ్చిందని వాదించినా విచారణ సంఘం ఒప్పుకోలేదు. 2024 మార్చిలో నాలుగు పాయింట్లు కోత పడ్డాయి. నిబంధనలు మారుతుంటాయి. ఈ ఏడాది అమల్లో ఉన్న పుస్తకాన్ని నువ్వే స్వయంగా చదువు, ఎవరో చెప్పిన సారాంశంతో సరిపెట్టుకోకు.

ఎంత ఖర్చు పెట్టాలని అడుగుతావు. ఫుల్‌హామ్ 2018లో 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి 26 పాయింట్లతో మళ్లీ కింది డివిజన్‌కు దిగిపోయింది. బర్న్‌లీ 101 పాయింట్లతో పైకి వచ్చి, కుర్రవాళ్లను ఎక్కువగా కొని, 24 పాయింట్లకు ఆగింది. 2023-24లో పైకి వచ్చిన మూడు క్లబ్బులూ, మరుసటి ఏడాది వచ్చిన మూడూ ఒక్క సీజన్‌కే వెనుదిరిగాయి. బ్రెంట్‌ఫర్డ్ మాత్రం 2021లో అయర్, ఓన్యెకా, విస్సా లాంటి కొద్దిమందినే చేర్చి 13వ స్థానంలో నిలిచింది. వాళ్లు పైకి రాకముందే, ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో ఆటగాళ్లను వెతుకుతూ వచ్చారు. అలాంటి తయారీ మీకుంటే తక్కువ కొనండి. లేకపోతే ఒత్తిడి చూసిన ఒక పెద్దమనిషినైనా తెచ్చుకోండి. 2025లో సండర్లండ్ షాకాను తెచ్చి కెప్టెన్ పట్టీ అప్పగించింది అందుకే అనుకుంటాను.

ఇక ఒప్పందాలు. ప్రతిదాన్నీ, మీరు వచ్చే మేలో దిగిపోయారనుకుని చదువు. రెండు కోట్లకు కొన్నవాడిని ఐదేళ్ల ఒప్పందం మీద తెస్తే, ధరను ఐదేళ్లకు పంచి రాస్తారు గనుక ఖాతా పుస్తకంలో ఏటా నలభై లక్షలే కనిపిస్తుంది, చిన్న మొత్తంలా అనిపిస్తుంది. దిగిపోయినా ఆ నలభై లక్షలు దిగవు. దిగిపోయిన క్లబ్బుకు, టీవీ డబ్బులో పై డివిజన్ క్లబ్బులు సమానంగా పంచుకునే వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45 శాతం ఇస్తారు. ఒక్క సీజన్‌కే దిగినవాళ్లకు మూడో ఏడాది ఏమీ ఉండదు. అందుకే దిగితే జీతం ఎంత తగ్గుతుందో ముందే రాయించు. ఆటగాడు ఒప్పుకోకపోతే, దిగినప్పుడు వెళ్లిపోయే ధరైనా రాయించు. ఇప్స్‌విచ్ క్లబ్ తన స్ట్రైకర్ డెలాప్‌కు అలాగే 3 కోట్లు రాసింది. అతను 12 లీగ్ గోల్స్ కొట్టి, చెల్సీకి వెళ్లిపోయాడు. స్ట్రైకర్ పోయాడు గానీ, కొన్న ధర కన్నా ఎక్కువే చేతికొచ్చింది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక చిన్న క్లబ్బులో కొనుగోళ్ల గడువు ముగిసే రాత్రి ఒక వయసు మళ్లిన స్ట్రైకర్ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. మూడేళ్ల జీతం, తగ్గింపు నిబంధన లేదు. నాకు కనిపించింది. అందరూ తొందరలో ఉన్నారని పొడి సంతకం పెట్టి పంపేశాను. ఆ ఏడాది దిగిపోయాం. అతని జీతం నడుస్తూనే ఉంది. దాని కోసం టికెట్ కౌంటర్‌లో ముగ్గురిని, పచ్చిక చూసే ఇద్దరిని, నాకు రోజూ టీ ఇచ్చే ఆమెను తీసేశారు. ఆమె చివరి రోజున కూడా నా కప్పు కడిగిపెట్టి వెళ్లింది. ఇప్పటికీ టీ తాగుతుంటే గుర్తొస్తుంది.

నువ్వు చిన్నవాడివి, నీ మాట ఆ గదిలో ఎవరూ వినకపోవచ్చు. అయినా అడుగు. "దిగితే ఎంత?" అని ప్రతి కాగితం దగ్గరా అడుగు. విసుక్కుంటారు, విసుక్కోనీ.

వేళకు తిను. గడువు ముగిసే రాత్రి ఏ కాగితమైనా అర్థం కాకపోతే, పేర్లు చెప్పకుండానే నాకు ఫోన్ చెయ్యి. గుంటూరులో తెల్లవారుజామైనా సరే, మేలుకునే ఉంటాను.

మీ మామయ్య